డిమాండ్ ఫోర్‌కాస్టింగ్ సాఫ్ట్‌వేర్ రెండేళ్లు వాడాక నా రివ్యూ: ఆ సున్నా ఏ సున్నా?

విజయనగరంలో మాది ఎలక్ట్రికల్ హోల్‌సేల్. ఫ్యాన్లు, కూలర్లు, మోటార్లు, వాటి స్పేర్లు, వైరు, సీరియల్ సెట్లు, ఎమర్జెన్సీ లైట్లు. గంటస్తంభం దగ్గర షాపు, ఊరి బయట గోడౌన్. గజపతినగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి, రాజాం, అటు పలాస దాకా చిన్న షాపులవాళ్లు మా దగ్గర సరుకు తీసుకుంటారు. ఏ నెల ఏ సరుకు ఎంత పోతుందో ముందే లెక్కగట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి 2024 ఫిబ్రవరిలో తీసుకున్నాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే తప్పులు ఈ ఒక్క కంపెనీవే కావు, ఏ ఫోర్‌కాస్టింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నా ఇవే మీ ముందుకొస్తాయి.

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడు స్టార్లు. లెక్క చేసే ఇంజిన్ బాగుంది. ఆ లెక్కకి మన అమ్మకాలను అందించే పద్ధతి బాలేదు, సపోర్టువాళ్లు ఎర్రర్ మెసేజ్ పోగొట్టడం మీద పెట్టిన శ్రద్ధ తప్పు ఎక్కడుందో వెతకడం మీద పెట్టలేదు. నాకు నష్టం తెచ్చిన తప్పుల్లో చాలావాటికి మూలం ఒక్కటే, సున్నా. సున్నా అమ్మకం అంటే ఏమిటో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, మనమూ చెప్పలేదు.

మొదటి నెల డ్యాష్‌బోర్డ్ తెరిస్తే మోటారు బేరింగుల వరుసలో ఎర్ర అక్షరాలతో ‘ఇన్ఫినిటీ’ అని ఉంది. కొన్ని ఐటమ్స్‌కి ‘నాన్’, అంటే అది అసలు అంకే కాదని. టెన్షన్ పడి ఫోన్ చేస్తే, ‘అది మేప్ సార్, పట్టించుకోకండి’ అన్నారు. పట్టించుకోవాలి. మేప్ అంటే, అంచనాకీ అసలు అమ్మకానికీ మధ్య తేడాని అసలు అమ్మకంతో భాగించి, శాతంగా మార్చి, అన్ని నెలలకీ సగటు తీయడం. ఒక్క నెల అమ్మకం సున్నా అయితే సున్నాతో భాగించాలి, అక్కడ లెక్క చెడుతుంది. 6203 బేరింగు నాకు ఏడాదిలో నాలుగు నెలలే పోతుంది, మిగతా ఎనిమిది నెలలూ సున్నానే. అలాంటి సరుకుకి మేప్ పెట్టడమే తప్పు, ఆ కొలతనే డిఫాల్టుగా పెట్టి అమ్మడం కంపెనీ తప్పు.

ఇన్ఫినిటీ అయినా కంటికి కనబడుతుంది కాబట్టి ఫోన్ చేశాను. మేప్‌లో కనబడని గొడవ ఇంకోటి ఉంది, నన్ను ఎక్కువ ముంచింది అదే. 10 పోయిన నెలకి అంచనా 20 అని ఉంటే తప్పు 100 శాతం. 20 పోయిన నెలకి అంచనా 10 అని ఉంటే తప్పు 50 శాతమే. తేడా రెండు చోట్లా పదే! అంచనా తక్కువేస్తే తప్పు ఎప్పటికీ 100 శాతం దాటదు, ఎక్కువేస్తే ఎంతైనా పోవచ్చు. ఇక సాఫ్ట్‌వేర్ పది మోడళ్లు, అంటే పది రకాల లెక్క పద్ధతులు, నడిపి ‘మేప్ తక్కువ ఉన్నది’ ఎంచుకుంటే ఏమవుతుంది? తక్కువ అంచనా వేసే మోడల్ వైపే మొగ్గుతుంది. 2024 వేసవిలో మూడు రకాల ఫ్యాన్లు ఏప్రిల్ మధ్యకే ఖాళీ అయిపోయాయి, స్క్రీన్ మీద మాత్రం ‘బెస్ట్ మోడల్’ అని పచ్చ టిక్కు. సెట్టింగుల్లో లోపలికి వెళ్తే వేప్ అని ఇంకో కొలత ఉంది, మొత్తం తేడాలను మొత్తం అమ్మకాలతో ఒకేసారి భాగిస్తుంది. దానికి మార్చండి, ఎక్కువ పోయే సరుకుకి అది చాలు. దాని పక్కనే బయాస్ కాలమ్ కూడా ఆన్ చేసుకోండి. ప్రతి నెలా ఒకే వైపు తప్పుతోందా లేదా అన్నది ఆ కాలమ్ ఒక్కటే చెబుతుంది.

ఇప్పుడు సున్నాల దగ్గరికి వస్తాను. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బిల్లు పడితేనే వరుస ఉంటుంది, ఏమీ పోని నెలకి వరుసే ఉండదు. ఆ ఫైలు ఎగుమతి చేసి ఇందులోకి ఎక్కిస్తే ఇది లేని నెలలను చూసి ‘డేటా మిస్ అయింది’ అనుకుని, రెండు పక్కల అంకెలనీ కలిపి గీత గీసి మధ్యలో నింపేసింది. ఒక స్టార్టర్ జనవరిలో 6 పోయింది, మళ్లీ ఏప్రిల్‌లో 3. మధ్య రెండు నెలలు ఏమీ పోలేదు. సాఫ్ట్‌వేర్ ఫిబ్రవరికి 5, మార్చికి 4 అని తనే రాసుకుంది. తొమ్మిది పోయిన సరుకు పద్దెనిమిది అయింది! గోడౌన్‌లో ఆ స్టార్టర్ల అట్టపెట్టెలు గోడ పొడుగునా పేరుకుపోతుంటే, ఇన్ని ఎందుకు తెప్పించామా అని నేను పాత ఫైళ్లన్నీ వెతికాను. గ్యాప్ ఫిల్లింగ్ దగ్గర ‘లీనియర్’ తీసి ‘జీరో’ పెట్టగానే సరిపోయింది. ఏ ఎర్రరూ రాలేదు దీనికి, ఎర్రర్ రాని తప్పులే భయపెట్టేవి.

తర్వాత వచ్చిన ఎర్రర్ పెద్దది. ఫ్యాన్లకి సీజన్ మోడల్ పెడితే ‘డేటా అంతా సున్నా కంటే ఎక్కువ ఉండాలి’ అని ఆగిపోయింది. కారణం 2020 ఏప్రిల్. లాక్‌డౌన్‌లో షాపు షట్టర్ ఎత్తలేదు, ఆ నెల అమ్మకం సున్నా. మల్టిప్లికేటివ్ మోడల్‌లో ఒక్కో నెలకి ఒక గుణకం ఉంటుంది, మామూలు నెల కంటే ఏప్రిల్‌లో ఎన్ని రెట్లు పోతుంది అని. సున్నా ఉంటే ఆ గుణింతం నడవదు. సపోర్టు అబ్బాయి, ‘సార్, జీరో ఉన్న చోట 0.01 పెట్టేయండి, ఎర్రర్ పోతుంది’ అన్నాడు. పెట్టాను, పోయింది. ఆ వారమే ఏప్రిల్ అంచనా చూస్తే ఫ్యాన్ల సీజన్ లేనట్టే పడుకుంది. కారణం తర్వాత అర్థమైంది. ఈ మోడల్ లోపల లాగరిథమ్ తీస్తుంది. 100 అమ్మిన నెలకి లాగ్ 4.6, 0.01 అమ్మిన నెలకి మైనస్ 4.6. అంటే ఎర్రర్ పోవాలని పెట్టిన ఆ చిన్న అంకె, లెక్కలోకి వెళ్లేసరికి మొత్తం డేటాలోకెల్లా పెద్ద దెబ్బ. ఆ నెల అసలు సున్నా కాదు, కొనేవాళ్లున్నారు, షాపు లేదు. దానికి అంకె పెట్టకూడదు, ‘ఈ నెల లెక్కలోకి తీసుకోవద్దు’ అని గుర్తు పెట్టాలి. ఆ సౌకర్యం ఇందులో ఉంది, మూడు మెనూల లోపల ఉంది, సపోర్టు అబ్బాయికే తెలియదు!

ఫ్యాన్ల గురించే ఇంకో మాట. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. కంపెనీలన్నీ మోడళ్లు మార్చాయి, మాకు ఐటమ్ కోడ్లు మారిపోయాయి. సీజన్ పట్టుకోవాలంటే కనీసం రెండు పూర్తి సంవత్సరాలు, అంటే 24 నెలల డేటా కావాలి. నేను సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టేనాటికి కొత్త కోడ్లకి ఉన్నది పదమూడు నెలలు. అందుకని ‘తగినంత చరిత్ర లేదు’ అని చెప్పి ఏడాది పొడుగునా ఒకే అంకె ఇచ్చింది, డిసెంబరుకీ మేకీ ఒకటే. కొంటున్న మనిషికి అది కొత్త సరుకు కాదు, నిన్నటి ఫ్యానే. పాత కోడ్‌ని కొత్త కోడ్‌కి అతికించుకోవాలి, కూర్చుంటే ఒక సాయంత్రం పని. చేశాక ఫ్యాన్ల అంచనా నిజంగా బాగా వచ్చింది, 2025 వేసవిలో ఫ్యాను లేక తిరిగి వెళ్లిన డీలర్ లేడు.

ఇక సీరియల్ సెట్లు. ఇది విజయనగరం, శ్రీకాకుళం వైపు షాపులవాళ్లు జాగ్రత్తగా చదవాలి.

సాఫ్ట్‌వేర్‌కి సీజన్ అంటే ఇంగ్లీషు నెల. సంక్రాంతి వరకూ గొడవ లేదు, అది జనవరి 14, 15 దాటి పోదు. మిగతా పండగలు తిథిని బట్టి. చాంద్రమానంలో ఏడాది 354 రోజులే కాబట్టి అవి ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తాయి, అధిక మాసం పడిన ఏడు పంతొమ్మిది రోజుల దాకా ఆలస్యమవుతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది, దీపావళి నవంబరు 12కి పోయింది. 2024లో అక్టోబరు 31. 2025లో అక్టోబరు 20. మన పైడితల్లి అమ్మవారి సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం కదా, 2023లో అది అక్టోబరు 31న, 2024లో అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న జరిగింది. సిరిమానుకి ఊరంతా లైట్లు కడతారు, అవి దింపకుండానే దీపావళి. 2023 లెక్క చూసుకున్న సాఫ్ట్‌వేర్ 2024కి సగం సరుకు నవంబరులో కావాలంది. నవంబరులో ఎవడు కొంటాడు, పండగ అక్టోబరులోనే అయిపోతే! సిరిమాను జనం వెళ్లిన పది రోజులకి సెట్లు అయిపోయాయి. దీపావళికి నాలుగు రోజుల ముందు గజపతినగరం నుంచి బస్సు దిగి వచ్చిన పాత డీలర్ కౌంటర్ దగ్గర నిలబడి, ‘మల్లీ నేదంతావేటి బావూ?’ అని ఖాళీ సంచితో వెనక్కి వెళ్లాడు. ముప్పై ఏళ్ల ఖాతా ఆయనది. నవంబరు మొదటి వారంలో సెట్ల లోడు వచ్చి దిగింది.

అసలు నష్టం అక్కడితో ఆగలేదు. అక్టోబరు చివరి వారం మా బిల్లుల్లో సీరియల్ సెట్ల అమ్మకం సున్నా. ఆ సున్నాని సాఫ్ట్‌వేర్ ‘ఎవరికీ అక్కర్లేదు’ అని చదువుకుంది. ఆ వారం అమ్మకం లేకపోయేసరికి అక్టోబరు మొత్తానికే డిమాండ్ తక్కువని నేర్చుకుని, 2025కి అంచనా ఇంకా తగ్గించింది. సరుకు లేక అమ్మలేదు, అమ్మలేదు కాబట్టి సరుకు తక్కువ చాలంటుంది, తక్కువ తెప్పిస్తే మళ్లీ అమ్మలేం. ఎవరూ పట్టుకోకపోతే నాలుగేళ్లలో ఆ సరుకుని సాఫ్ట్‌వేరే చంపేస్తుంది.

దీన్నుంచి మమ్మల్ని బయటపడేసింది మా కౌంటర్‌లో కూర్చునే పెద్దాయన. అందరం బాబాయ్ అంటాం. గోడ మీద తేదీ క్యాలెండర్ కాగితం రోజూ చించి పారేయకుండా సొరుగులో పెట్టుకుంటాడు, ఎవరైనా అడిగింది లేకపోతే దాని వెనకాల రాసుకుంటాడు. ముందు పక్క ఆశ్వయుజ బహుళం, తిథి, వర్జ్యం. వెనక పక్క నీలం పెన్నుతో ‘సీరియల్ 20 సెట్లు, బొబ్బిలి, లేవు’. రబ్బరు బ్యాండు వేసి ఏడాదికో కట్ట. 2025 జూన్‌లో ఆ కట్ట తీసి, ‘ఇవి ఎక్కించవా బాబూ కంప్యూటర్లో?’ అని అడిగాడు. రెండు రోజులు కూర్చుని ఎక్కించాం. సరుకు లేని రోజులను ‘స్టాక్ లేదు’ అని గుర్తు పెట్టాం, అడిగి వెళ్లినవి అమ్మకానికి కలిపాం. ఒకే మనిషి రెండు మూడు రోజులు వరసగా అడిగి ఉంటే ఒక్కసారే లెక్కేశాం, లేకపోతే అటువైపు ఎక్కువైపోతుంది. తర్వాత నెలల లెక్క తీసేసి వారాలకి మార్చి, దీపావళి, సిరిమాను, చవితి తేదీలు అయిదేళ్లవి ఈవెంట్లుగా పెట్టాం, ‘పండగకి ఎన్ని వారాల ముందు’ అన్న లెక్కతో. ఆ చీటీల మీద తిథి ఉండటం దీనికి ఎంత పనికొచ్చిందో చెప్పలేను. 2025లో సెట్లు సెప్టెంబరులోనే దించాం, దీపావళి మర్నాడు గోడౌన్‌లో మిగిలినవి రెండు పెట్టెలు.

తుఫాను సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటింది, ఉద్దానంలో స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. ఆ నెల ఎమర్జెన్సీ లైట్లు, టార్చీలు, సర్వీసు వైరు లారీలకి లారీలు పోయాయి. ఇది ఏటా వచ్చే డిమాండ్ కాదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని ఔట్‌లయర్‌గా పక్కన పెట్టాలి. పెట్టలేదు. స్టాండర్డ్ డీవియేషన్ అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. సగటు నుంచి మూడు స్టాండర్డ్ డీవియేషన్లు దాటితే ఔట్‌లయర్ అన్నది రూలు, మా అకౌంట్‌లో అది పదేసి నెలలు తీసుకుని చూస్తోంది. కాగితం మీద చేసి చూడండి: తొమ్మిది నెలలు 5 చొప్పున, పదో నెల 500. సగటు 54.5, డీవియేషన్ 156.5. 500 ఎంత దూరంలో ఉందీ అంటే 2.85 డీవియేషన్లే! 500 బదులు 5 లక్షలు రాసినా అంతే వస్తుంది, ఎందుకంటే ఆ పెద్ద అంకె తనే డీవియేషన్‌ని పెంచేసుకుని దాని వెనక దాక్కుంటుంది. పది నెలల డేటాలో ఏ అంకైనా మూడు దాటడం కుదరదు, అది గణితం. 36 నెలలకి పెంచితే తిత్లీ పట్టుబడింది, దాంతో పాటు సీరియల్ సెట్ల పండగ నెలలు కూడా ఔట్‌లయర్లని కత్తిరించేసింది. చివరికి ఆటోమేటిక్ క్లీనింగ్ ఆపేశాను. మీడియన్ పద్ధతి, అంటే సగటు బదులు అంకెలను వరసగా పేర్చి మధ్యలోది తీసుకునేది, ఉంటే అది పెట్టుకోండి, కానీ తుఫాను ఏదో పండగ ఏదో మనిషే గుర్తు పెట్టాలి.

కూలర్లకి జులైలో మైనస్ అంచనా వచ్చింది, మైనస్ 7. వానలు పడ్డాక డీలర్లు మిగిలినవి వాపసు పంపుతారు, క్రెడిట్ నోట్ జులైలో పడుతుంది. వాపసుని అసలు బిల్లు తేదీకి కట్టేలా సెట్టింగు మారిస్తే సరి.

బేరింగులు, సీళ్లు, పాత మోటార్ల స్పేర్లు మాత్రం వేరే కథ. వీటికి వేప్ కూడా పెట్టకండి. సగం కంటే ఎక్కువ నెలలు సున్నా ఉన్న సరుకుకి వేప్‌లా తేడాలను ప్లస్ మైనస్ చూడకుండా కూడి కొలిచే ఏ కొలతైనా ‘ఎప్పుడూ సున్నా అని చెప్పడమే మేలు’ అంటుంది. సున్నా అని చెప్పి బేరింగు పెట్టకపోతే నాట్ల వేళ రైతు మోటారు ఆగిపోతుంది. వీటికి క్రాస్టన్ పద్ధతి ఉంది, 1972 నాటిది. పోయినప్పుడు ఎన్ని పోతాయి, ఎన్నాళ్లకోసారి పోతాయి అని రెండూ విడిగా లెక్కగడుతుంది: పోతే 4, మూడు నెలలకోసారి, అంటే నెలకి 1.33. ఇది కొంచెం ఎక్కువ చెబుతుంది, సింటెటాస్, బాయిలన్ అనేవాళ్లు 2005లో దానికి సవరణ ఇచ్చారు, సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌బీఏ అని ఉంటే అదే. రెండింటికీ ఒక లోపం, సరుకు అమ్ముడైనప్పుడే లెక్క మార్చుకుంటాయి. ఇక ఎవరూ అడగని పాత మోటారు సీలుకి కూడా ఎన్నాళ్లైనా అదే అంచనా ఇస్తూ పోతాయి. టీఎస్‌బీ అనే రకం ఉంటే దానికి ఆ జబ్బు లేదు. మా దాంట్లో మూడూ ఉన్నాయి, ఇది మెచ్చుకోవాలి.

డ్యాష్‌బోర్డ్ మీద ‘యాక్యురసీ 94 శాతం’ అని చూపిస్తే నమ్మకండి. ఏ డేటాతో నేర్చుకుందో అదే డేటా మీద కొలిచిన అంకె అది, ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టు. ఆఖరి ఆరు నెలలు దాచిపెట్టి, మిగతాది మాత్రమే ఇచ్చి, దాచిన నెలలకి అంచనా అడగండి. దాన్ని ‘పోయినేడు ఇదే నెల ఎంత పోయిందో ఈసారీ అంతే’ అన్న లెక్కతో పోల్చండి, నోటితో చెప్పగలిగే లెక్క అది. దాన్ని కూడా గెలవలేకపోతే ఆ ఐటమ్‌కి సాఫ్ట్‌వేర్ అనవసరం. మా పరీక్షలో ఫ్యాన్లు, వైర్లు గెలిచాయి. సీరియల్ సెట్లు ఈవెంట్లు పెట్టక ముందు ఓడిపోయాయి, పెట్టాక గెలిచాయి.

ఎవరు కొనాలి అంటే, మూడేళ్ల బిల్లులు శుభ్రంగా ఉండి, వారానికి ఒక పూట దీని ముందు కూర్చునే మనిషి ఉంటే కొనండి. ఆ మనిషి లేకపోతే వద్దు. ఇంగ్లీషులో తప్ప సాయం దొరకదు. సపోర్టు టికెట్ వేస్తే మూడు రోజులు, పండగ ముందు మూడు రోజులంటే చాలా ఎక్కువ. మర్యాదగానే మాట్లాడతారు, కానీ ‘ఎర్రర్ పోయిందా సార్’ అనే అడుగుతారు, ‘అంచనా సరిగ్గా వచ్చిందా’ అని రెండేళ్లలో ఒక్కరూ అడగలేదు.

రెన్యూ చేశాను. ఈ 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, దీపావళి మళ్లీ నవంబరు 8కి పోతుంది, ఆ తేదీ ఇప్పటికే ఎక్కించాం. కంపెనీకి ఒకటే రాసి పంపాను. అమ్మకం సున్నా ఉన్న ప్రతి చోటా పక్కన చిన్న డబ్బా పెట్టండి: ఎవరూ అడగలేదా, అడిగితే సరుకు లేదా, షాపు మూసి ఉందా, బిల్లు ఎక్కలేదా అని అందులో ఎంచుకునేలా. అది వస్తే నాలుగో స్టార్ ఇస్తాను. అందాకా బాబాయ్ సొరుగులో చీటీలు పెరుగుతున్నాయి, ప్రతి శనివారం సాయంత్రం ఆయన చదువుతుంటే నేను టైపు చేస్తున్నాను.